నల్ల బిళ్ళల వారం

శ్రావణమాసం వస్తోందంటే మెడికల్ షాపుల్లో ఒక మందుకు గిరాకీ పెరుగుతుంది. వరలక్ష్మీ వ్రతం రోజుకు నెలసరి అడ్డొచ్చేలా ఉందని వేళ్ల మీద లెక్క తేలగానే అత్తగారో తోడికోడలో "వాయిదా బిళ్ళలు తెప్పించుకో" అంటారు. పెళ్లి ముహూర్తానికీ, తిరుపతి ప్రయాణానికీ, గృహప్రవేశానికీ ఇదే మాట. ఆ మందు పేరు నోరెథిస్టిరోన్. ఒక్కో బిళ్ళ 5 మిల్లీగ్రాములు, రోజుకు మూడు. నెలసరి రావలసిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెడతారు, పని కాగానే ఆపేస్తారు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది.

అదే ఇంట్లో కొత్త కోడలు, పిల్లలు అప్పుడే వద్దనుకుని మాలా-డి స్ట్రిప్ తెచ్చుకుందనుకోండి. "అవి వేడి చేస్తాయమ్మా", "ఒళ్లొచ్చేస్తుంది", "తర్వాత కావాలన్నా పిల్లలు పుట్టరు" అని తలో మాట మొదలవుతుంది. వ్రతం కోసం మింగినప్పుడు లేని భయం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? నిజానికి రెండూ దగ్గరి చుట్టాలే. కొన్ని దేశాల్లో నోరెథిస్టిరోన్‌నే గర్భనిరోధానికి రోజుకు 0.35 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. వ్రతానికి మనవాళ్లు వేసుకునేది రోజుకు 15. నలభై రెట్లకు పైమాటే!

మా పక్కింటి కోడలు బియ్యం డబ్బా వెనక దాచుకున్న స్ట్రిప్ ఒకసారి కొంగు చాటున తెచ్చి నాకు చూపించింది. మొత్తం 28 బిళ్ళల పట్టీ. ఇరవయ్యొక్క తెల్లవి, చివర ఏడు ముదురు రంగువి. అన్ని గుంటలూ ఖాళీ. "పిన్నీ, నిన్నటితో నల్ల బిళ్ళలు కూడా అయిపోయాయి. ముట్టు ఇంకా తగ్గలేదు. పూర్తిగా తగ్గి తలస్నానం చేశాక కొత్తది మొదలుపెట్టనా?" అని అడిగింది.

దీనికి జవాబు ఒక్క ముక్క. కానీ ఆ ముక్క ఎందుకో అర్థమైతే, రోజూ వేసుకునే బిళ్ళ, వారానికోసారి వేసుకునే బిళ్ళ, అవసరం పడ్డప్పుడు ఒక్కసారే వేసుకునే బిళ్ళ, వీటన్నిటి గుట్టూ దొరికినట్టే.

పెళ్లిళ్ల పేరయ్యకు కబురు

ప్రతి నెలా అండాశయం నుంచి అండం బయటికి రావాలంటే పైనుంచి పురమాయింపు ఉండాలి. ఆ పురమాయించేది మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి. దాన్ని పెళ్లిళ్ల పేరయ్య అనుకోండి. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్ల ఉందని తెలిస్తే సంచీ భుజాన వేసుకుని తిరుగుతూనే ఉంటాడు. అతను పంపే కబుర్లు రెండు. మొదటి హార్మోను అండం ఉన్న చిన్న తిత్తిని ఎదగమంటుంది. ఎదిగే తిత్తి ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తుంది. ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. అది రక్తంలో ఒక మట్టానికి చేరగానే పేరయ్య రెండో హార్మోనును ఉప్పెనలా వదులుతాడు. దరిదాపు ఒకటిన్నర రోజులో తిత్తి పగిలి అండం బయటపడుతుంది.

పగిలిన తిత్తి ఊరికే పోదు. పసుపు రంగు ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది. ఇది రెండు పనులు చేస్తుంది. గర్భసంచి పొరను మెత్తని పరుపులా సిద్ధం చేస్తుంది. పేరయ్యకు "సంబంధం కుదిరింది, ఇక రావద్దు" అని చెప్పిపంపుతుంది. ఆ మాట వినబడుతున్నంత కాలం కొత్త అండం ఎదగదు. గర్భం వస్తే తొమ్మిది నెలలూ ఈ కబురు ఆగదు. అందుకే గర్భిణికి మళ్లీ అండం విడుదల కాదు. గర్భం రాకపోతే సుమారు రెండు వారాలకు ఆ ముద్ద వాడిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. ఆసరా పోయిన పొర ఊడి రక్తంతో బయటికొస్తుంది. అదే నెలసరి. కబురు ఆగింది కనుక పేరయ్య మళ్లీ సంచీ తీస్తాడు.

వాయిదా బిళ్ళ పని ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. ప్రొజెస్టిరాన్ పడిపోబోయే సమయానికి బయటి నుంచి దాని తమ్ముణ్ణి పంపుతున్నాం. ఆసరా నిలబడుతుంది, పొర ఊడదు. బిళ్ళ ఆపగానే ఊడుతుంది. కానీ అప్పటికి ఆ నెల అండం ఎప్పుడో విడుదలైపోయింది. కాబట్టి వాయిదా బిళ్ళ గర్భం రాకుండా కాపాడదు.

గర్భనిరోధక మాత్ర అదే కబురును ముందే పంపుతుంది. తిత్తి ఎదగకముందే, రోజూ, "సంబంధం కుదిరింది" అనే చిన్న అబద్ధం. పేరయ్య నమ్ముతాడు. అండం విడుదల కాదు. దీనికి తోడు గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలు లోపలికి ఈదలేవు. మాలా-డిలో ప్రొజెస్టిరాన్ వేషం కట్టేది లెవోనార్జెస్ట్రెల్, 0.15 మిల్లీగ్రాములు. దానికి జోడీ ఇథినైల్ ఈస్ట్రడియోల్ అనే ఈస్ట్రోజన్, 0.03 మిల్లీగ్రాములు. ఈ జోడీ తిత్తిని ఎదగమనే మొదటి కబురును అణచిపెడుతుంది, గర్భసంచి పొర మధ్యలో చిరుగుపట్టి మరకలు కనబడకుండా కాస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లోనూ ఉన్నది ఇదే మందు. పేరు, ధర వేరు.

కుందేలు, పెండలం, ఒక మాత్ర

గర్భం ఉన్నప్పుడు మళ్లీ గర్భం రాదన్న చిన్న సంగతి నుంచే ఇదంతా పుట్టింది. 1919లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో శాస్త్రవేత్త లుడ్విగ్ హాబర్లాండ్ట్ చూలుతో ఉన్న కుందేలు అండాశయాన్ని మరో కుందేలుకు అతికించాడు. అతికించుకున్న కుందేలు కొంతకాలం చూలు కట్టలేదు. ఆ అండాశయంలో ఏదో "ఆగు" అంటోందని తేలింది. అదే ప్రొజెస్టిరాన్.

చిక్కేమిటంటే, ప్రొజెస్టిరాన్‌ను నోటితో మింగితే కాలేయం చాలా వరకు నాశనం చేసేస్తుంది. పైగా అప్పట్లో దాన్ని తయారుచేయడం బంగారమంత ఖరీదు. ఖరీదు సమస్యను తీర్చింది దుంప. 1940లలో రసాయన శాస్త్రవేత్త రస్సెల్ మార్కర్ మెక్సికోలో దొరికే అడవి పెండలం నుంచి ప్రొజెస్టిరాన్ తీసే దారి కనిపెట్టాడు. మన పెరట్లో పాకే పెండలానికి అది చుట్టమే. 1951లో మెక్సికో సిటీలో కార్ల్ జెరాసీ, లూయిస్ మిరామోంతెస్, జార్జ్ రోజెన్‌క్రాంజ్‌ల బృందం నోటితో మింగినా పనిచేసే అణువును తయారుచేసింది. అదే నోరెథిస్టిరోన్, మన వ్రతం బిళ్ళ.

దీని చుట్టాన్నే తీసుకుని అమెరికాలో శాస్త్రవేత్త గ్రెగరీ పింకస్, వైద్యుడు జాన్ రాక్ మాత్రగా పరీక్షించారు. 1956లో ప్యూర్టోరికోలో పేద మహిళల మీద పెద్ద ప్రయోగం జరిగింది. తాము ప్రయోగంలో ఉన్నామని వారిలో చాలామందికి తెలియదు. తల తిరుగుడు, వాంతులు అని వాళ్లు చెప్పినా పట్టించుకున్నవారు తక్కువ. 1960లో అమెరికాలో ఎనోవిడ్ పేరుతో గర్భనిరోధక మాత్రకు అనుమతి వచ్చింది. అందులో దాదాపు 10 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ వేషం కట్టే మందు) ఉండేది. మాలా-డిలో ఉన్నది 0.15. రెండూ వేర్వేరు మందులు కనుక బరువులను నేరుగా పోల్చలేం గానీ, ఆనాటి మాత్ర నేటి మాత్ర కంటే ఎంతో ఘాటైనదన్నది నిజం. "మాత్రలు ఒంటికి పడవు" అన్న భయానికి వేరు కొంత అక్కడ ఉంది.

ఆ రక్తస్రావం నెలసరి కాదు

ఇక నల్ల బిళ్ళల సంగతి. అవి ఐరన్ మాత్రలు. వాటిలో హార్మోను చుక్క కూడా లేదు. తెల్లవి ఆగగానే గర్భసంచి పొరకు ఆసరా పోయి రక్తస్రావం అవుతుంది, అచ్చం వాయిదా బిళ్ళ ఆపినప్పటిలాగే. అండం విడుదలై, గర్భం రాక, ముద్ద వాడిపోయి వచ్చే నెలసరి కాదిది. మందు ఆపడం వల్ల వచ్చినది.

మరి ఆపడం ఎందుకు? శరీరం అడిగిందని కాదు. జాన్ రాక్ మొదట సంతానం కోసం తన దగ్గరికి వచ్చిన రోగులకు హార్మోన్లను విరామం లేకుండా ఇచ్చాడు. నెలసరి ఆగేసరికి, పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఆ ఆడవాళ్లు గర్భం నిలిచిందని సంబరపడి, తర్వాత కుమిలిపోయారు. నెలకు కొన్ని రోజులు ఆపితే రక్తం కనబడుతుంది, మనసు కుదుటపడుతుంది అని పింకస్ సూచించాడు. ఇరవై రోజులు మందు, తర్వాత విరామం అన్న లెక్క అలా పుట్టింది. అలవాటైన నెల తీరును అది పోలి ఉండటంతో స్థిరపడిపోయింది. 2019లో బ్రిటన్‌లో ఈ రంగపు వైద్య నిపుణుల సంస్థ, ఏడు రోజుల విరామం వల్ల ఆరోగ్యానికి ప్రత్యేక లాభమేమీ లేదని తన మార్గదర్శకాల్లో రాసింది.

మొదట్లో మాత్రలు మామూలు మందుల్లా సీసాలో వచ్చేవి. ఈరోజు వేసుకున్నానా లేదా అన్నది ఎవరి జ్ఞాపకం వారిదే. అమెరికాలో డేవిడ్ వాగ్నర్ అనే ఇంజనీరు దంపతులకు ఇంట్లో రోజూ ఇదే తగువు. ఆయన కాగితం మీద వారాల పేర్లు రాసి, ఒక్కో పేరు మీద ఒక్కో మాత్ర పెట్టాడు. ఏదో తగిలి కాగితం కింద పడి మాత్రలు చెల్లాచెదురయ్యాయి. దాంతో 1962లో రోజుకొక మాత్ర బయటికొచ్చే గుండ్రని డబ్బా రూపొందించి పేటెంటుకు పెట్టాడు. మన చేతిలోని స్ట్రిప్‌కు పూర్వరూపం అదే. మాలా స్ట్రిప్‌లో నల్ల బిళ్ళలు ఉన్నదీ సగం ఇందుకే. రోజుకో బిళ్ళ అన్న అలవాటు తెగకూడదు. మిగతా సగం, రక్తహీనత ఎక్కువగా ఉన్న మన దేశంలో కాస్త ఇనుము అందుతుందని.

బలహీనమైన చోటు

ఏడు రోజులు కబురు అందకపోతే పేరయ్య ఏం చేస్తాడు? మెల్లగా లేచి చెప్పులు వెతుక్కుంటాడు. నల్ల బిళ్ళల వారం చివర్లో స్కానింగ్ చేసి చూస్తే కొందరిలో అండం తిత్తి ఎదుగుతూ కనబడుతుంది. ఎనిమిదో రోజున తెల్ల బిళ్ళ పడితే మళ్లీ చతికిలబడతాడు. పడకపోతే గుమ్మం దాటేస్తాడు. మళ్లీ పూర్తిగా కూర్చోబెట్టాలంటే వరుసగా ఏడు రోజులు తెల్ల బిళ్ళలు పడాలి.

కాబట్టి బిళ్ళ మరిచిపోవడంలో రోజును బట్టి తేడా ఉంది. పన్నెండో రోజున ఒకటి మరిచిపోతే పెద్ద ప్రమాదం లేదు. అప్పటికే పేరయ్య గాఢనిద్రలో ఉంటాడు. మొదటి రోజో ఇరవయ్యొకటో రోజో మరిచిపోతే, ఏడు రోజుల విరామం ఎనిమిదవుతుంది. కొత్త స్ట్రిప్ రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టడమే అన్నిటికంటే ప్రమాదం. "మందు వాడుతున్నా నెల తప్పింది" అనేవారి కథల్లో చాలా వాటికి మూలం ఇక్కడే వెతకాలి.

తు.చ. తప్పకుండా వాడితే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికి మించి గర్భం రాదు. మామూలు మనుషులు మామూలుగా, అప్పుడప్పుడూ మరిచిపోతూ వాడితే నూటికి ఏడుగురికి వస్తుంది. మందు అదే, తేడా అంతా తేదీల్లో ఉంది.

* బాక్స్: మాలా వాడుతూ బిళ్ళ మరిచిపోతే *

• ఒక తెల్ల బిళ్ళ మరిచిపోతే: గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆ రోజుది ఆ రోజు మామూలుగానే. ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు.

• వరుసగా రెండు, అంతకు మించి మరిచిపోతే: గుర్తురాగానే ఒకటి వేసుకుని కొనసాగించాలి. వరుసగా ఏడు తెల్ల బిళ్ళలు పడేదాకా కండోమ్ వాడాలి.

• అది మూడో వారమైతే: తెల్లవి పూర్తిచేసి, నల్లవి వదిలేసి, మర్నాడే కొత్త స్ట్రిప్ తెల్ల బిళ్ళ మొదలుపెట్టాలి.

• మొదటి వారమై, ఈమధ్య కలయిక జరిగి ఉంటే: అత్యవసర మాత్ర గురించి డాక్టరునో ఏఎన్ఎమ్‌నో అడగాలి.

• నల్ల బిళ్ళ మరిచిపోతే: ఏమీ కాదు. దాన్ని పారేసి లెక్క ప్రకారం సాగిపోవచ్చు.

• టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజెపీన్, ఫెనిటాయిన్ వంటివి హార్మోనును కాలేయం త్వరగా ఖర్చు చేసేలా చేస్తాయి. అవి వాడుతుంటే ముందే చెప్పాలి.

లెక్క మారిస్తే

బలహీనత విరామంలో ఉందని తెలిశాక కంపెనీలు దాన్నే కుదించాయి. 24 మందు బిళ్ళలు, 4 ఖాళీ బిళ్ళల పద్ధతి అమెరికాలో 2006లో వచ్చింది. పేరయ్యకు చెప్పులు దొరికేలోపే మళ్లీ కబురు అందుతుంది. 2003లో అక్కడే 84 రోజులు మందు, 7 రోజులు విరామం అన్న లెక్కకు అనుమతి దొరికింది. ఏడాదికి నాలుగేసార్లు రక్తస్రావం. 2007లో విరామమే లేని మాత్ర కూడా వచ్చింది. వీటిలో మొదటి నెలల్లో అనుకోకుండా మరకలు కనబడటం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. రక్తం లోపల పేరుకుపోతుందన్న భయం అక్కర్లేదు. హార్మోను పొరను పలచగా ఉంచుతుంది. పెరగని పంటకు కోత ఉండదు కదా.

1980లలో మరో ఆలోచన నడిచింది. శరీరం హార్మోన్లను నెలంతా ఒకే తీరున వదలదు కనుక మాత్రల్లోనూ మూడు మెట్లుగా మోతాదు మార్చారు. వినడానికి బాగుంది గానీ, ఒకే మోతాదు మాత్రల కంటే మెరుగని తేలలేదు. వాటి వరుస తప్పితే లెక్కంతా చెడుతుంది కూడా.

ఈస్ట్రోజన్ అసలు లేని మాత్రలూ ఉన్నాయి. పాలిచ్చే తల్లులకు మొదటి ఆరు నెలలు మాలా వంటి జోడీ మాత్రలు సాధారణంగా ఇవ్వరు. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్నవి ఇస్తారు. వీటిలో పాతతరం మాత్రలు ప్రధానంగా ముఖద్వారపు జిగురును చిక్కబరుస్తాయి. ఆ చిక్కదనం ఒక రోజు గడిస్తే పలచబడుతుంది. అందుకే మూడు గంటల ఆలస్యం కూడా పనికిరాదంటారు. డెసోజెస్ట్రెల్ ఉన్న కొత్తరకం అండం విడుదలను కూడా ఆపుతుంది కనుక పన్నెండు గంటల వెసులుబాటు ఉంది.

వీటన్నిటికీ భిన్నమైనది మన దేశపు మాత్ర. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో నిత్య ఆనంద్ నేతృత్వంలో తయారైన సెంట్‌క్రోమన్ 1990ల మొదట్లో సహేలీగా మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఛాయ పేరుతో ఉచితంగా ఇస్తున్నారు. ఇది హార్మోను కాదు. పేరయ్యతో దీనికి పనిలేదు, అండం మామూలుగానే విడుదలవుతుంది. గర్భసంచి పొరలో ఈస్ట్రోజన్ తాళంచెవి దూరవలసిన కన్నంలో పుల్ల విరిగి ఇరుక్కున్నట్టు ఇది కూర్చుంటుంది. పొర సరిగా సిద్ధం కాదు, పిండం నాటుకోదు. లెవోనార్జెస్ట్రెల్ రక్తంలో సగానికి తగ్గడానికి ఒక రోజు చాలు. సెంట్‌క్రోమన్‌కు వారం పడుతుంది. అందుకే అది రోజూ, ఇది వారానికోసారి. మొదటి మూడు నెలలు మాత్రం వారానికి రెండు. తొట్టి నిండేదాకా రెండు బిందెలు పోసి, తర్వాత తగ్గినంతే నింపినట్టు. ఛాయ వాడేవారిలో నెలసరి ఆలస్యం కావడం మామూలే.

ఇక అత్యవసర మాత్ర, అదే 72 గంటల మాత్ర. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, అంటే పది మాలా బిళ్ళలంత ఒకేసారి. పేరయ్య ఉప్పెన వదలకముందే గట్టిగా కేకేసి ఆపడం దీని పని. ఉప్పెన మొదలయ్యాక ఎంత అరిచినా లాభం లేదు. అందుకే ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. నిలిచిన గర్భాన్ని ఇది పోగొట్టదు. గర్భస్రావానికి ఇచ్చే మందులు పూర్తిగా వేరు. మన దేశంలో 2005 నుంచి ఇది చీటీ లేకుండా దొరుకుతోంది. కానీ నెలనెలా దీని మీదే ఆధారపడితే రోజువారీ మాత్రంత రక్షణ దొరకదు.

భయపడవలసిందీ, అక్కర్లేనిదీ

నిజంగా జాగ్రత్త పడవలసినది రక్తం గడ్డకట్టడం గురించి. మాత్ర వాడని, గర్భం లేని పదివేల మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి కాళ్ల సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు వస్తాయి. మాలాలోని లెవోనార్జెస్ట్రెల్ జోడీ వాడేవారిలో అయిదు నుంచి ఏడుగురికి, డ్రోస్పిరెనోన్ వంటి మందులున్న జోడీ మాత్రల్లో తొమ్మిది నుంచి పన్నెండు మందికి వస్తాయి. గర్భంలో, కాన్పు తర్వాత ఆ ముప్పు వీటన్నిటికంటే ఎక్కువ. బీపీ ఉన్నవారు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవారు, 35 దాటి పొగతాగేవారు, ఇంతకుముందు గడ్డలు కట్టినవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు జోడీ మాత్రల జోలికి పోకూడదు. వాడుతుండగా ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలి.

వ్రతం బిళ్ళకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ఆ మోతాదులో నోరెథిస్టిరోన్ కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. డాక్టరును అడగకుండా షాపువాడు చేతిలో పెట్టింది మింగడం మంచిది కాదు.

పిల్లలు పుట్టరన్న భయం మాత్రం తప్పు. మాత్ర ఆపగానే కబురు ఆగుతుంది, పేరయ్య తిరగడం మొదలుపెడతాడు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ విషయంలోనే కొన్ని నెలలు ఆలస్యమవుతుంది. జోడీ మాత్రల వల్లే బరువు పెరుగుతారని పరిశోధనల్లో రుజువు కాలేదు. అండాశయ, గర్భసంచి పొర క్యాన్సర్లు వీటివల్ల తగ్గుతాయి. వాడుతున్నంత కాలం రొమ్ము క్యాన్సర్, ఏళ్ల తరబడి వాడితే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతాయి.

ఎనిమిదో రోజు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను కనే వయసులో ఉన్న వివాహితల్లో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. తెలంగాణలోనూ ఆపరేషన్‌దే పైచేయి. ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్ అన్నది మనకు తరాల అలవాటు. మధ్యలో ఆగడం, ఎడం పెట్టుకోవడం అన్న దశ మన ఇళ్లలో పెద్దగా లేదు. కనుక మాత్ర గురించి చెప్పగల అనుభవం అమ్మకూ అత్తకూ లేదు. వాళ్లకు తెలిసింది వాయిదా బిళ్ళ ఒక్కటే.

పక్కింటి అమ్మాయితో ఆ రోజు చెప్పాను. "ఇవాళే మొదలుపెట్టు. ఇప్పుడే. ముట్టు ఉన్నా సరే, తలస్నానంతో దీనికి సంబంధం లేదు. ఏడు రోజులు నిన్నటితో అయిపోయాయి."

"ముట్టులో ఉండగా వేసుకుంటే లోపల ఆగిపోదా పిన్నీ?"

"ఆగడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదమ్మా."

వంటింట్లోకి వెళ్లి నీళ్లతో బిళ్ళ వేసుకుని వచ్చింది. కొత్త స్ట్రిప్ వెనక బాల్‌పెన్నుతో ఆ రోజు తేదీ రాసుకుంది. పక్కన, 28 రోజుల తర్వాత వచ్చే తేదీ కూడా లెక్కపెట్టి వేసింది. రాస్తూ రాస్తూ ఆగి, "అయితే వచ్చే నెల మా మరిది పెళ్లి. ఈ నల్లవి వేసుకోకుండా తెల్లవే కొనసాగిస్తే, ఆ వాయిదా బిళ్ళలు వేరే అక్కర్లేదన్నమాట!" అంది.

అక్కర్లేదు.